పట్టుగూళ్ల గజ్జెలు

మొలెపొలోలే,
18 ఏప్రిల్ 1989

మామయ్య గారికి,

నమస్కారాలు. ఎవరు రాశారో తెలుసుకోవడానికి చివర సంతకం వెతుక్కునే పని మీకు పెట్టను. నేను మొసీదిని, మీ అక్క కూతుర్ని. మీరు జోహన్నెస్‌బర్గ్ గనులకి వెళ్లేనాటికి నాకు ఆరేడేళ్లుంటాయి. మీ ముఖం గుర్తులేదు. మీరు కాళ్లకి గజ్జెలు కట్టి ఫాతీసి చిందు ఆడుతుంటే పెద్దవాళ్ల కాళ్ల సందుల్లోంచి చూడటం, ముక్కులోకి దుమ్ము పోయి నేను తుమ్ముతుంటే అమ్మమ్మ నా తలని తన దుప్పట్లో దాచుకోవడం గుర్తున్నాయి. అంతే.

మీ ఆచూకీ నీళ్ల బోర్లు వేసే లారీ డ్రైవరు టిబోనే గారి దగ్గర దొరికింది. మా బడిలో బోరు వేయడానికి వచ్చారు. "హుకుంట్సి అవతల పశువుల మకాంలో ఒకాయన ఉన్నాడు. అచ్చం నీలాగే ఎదుటివాడి మాట పూర్తికాకముందే తలూపేస్తాడు. మాది మొలెపొలోలే అన్నాడు కూడా" అన్నారు. పేరడిగాను. చెప్పారు. చేతిలో సుద్దముక్క కింద పడిపోయింది.

విషయానికి వస్తాను. నేను నాలుగో తరగతి టీచర్ని. మా తరగతి పిల్లలతో ఫాతీసి జట్టు ఒకటి కట్టాను. సెప్టెంబరులో స్వాతంత్ర్య దినం నాడు, ఊరి సభ జరిగే ఖోట్లాలో, పెద్దలందరి ముందూ ఆడాలి. పాట ఉంది, చప్పట్లు ఉన్నాయి, నక్క తోళ్లు కూడా అడిగి తెచ్చాను. గజ్జెలే లేవు. సోడా మూతలు, పాల డబ్బాలు గుచ్చి కట్టాం. కెనోసి తాత వచ్చి చూసి "ఇది ఫాతీసా, గిన్నెల కొట్టు కూలిందా?" అన్నాడు. పిల్లలు ఒక వారం మొహం చూపించలేదు.

గజ్జెలకి పట్టుగూళ్లు కావాలంటే ఇక్కడి చుట్టుపక్కల ఒక్కటీ లేదు. కరువులో చెట్లన్నీ పొయ్యిల్లోకి పోయాయి. మీ దగ్గర ఉంటాయా? ఏ చెట్టు మీద? లోపలి పురుగు చచ్చాక కోస్తారా, బతికుండగానా? లోపల ఏం వేస్తే ఆ మోత వస్తుంది? పెద్దవాళ్లని అడిగితే తలా ఒకటి చెబుతున్నారు. ఎవరూ చేసి చూపించడం లేదు.

మీకు రాస్తున్నట్టు అమ్మకి తెలియదు. మా ఇంట్లో మీ పేరు ఎత్తితే అమ్మ లేచి, తోమిన గిన్నెలే మళ్లీ తోముతుంది.

మీ మేనకోడలు
మొసీది


హుకుంట్సి దాటాక, పశువుల మకాం,
21 మే 1989

మొసీదికి,

ఉత్తరం అందింది. దుకాణంలో చక్కెర బస్తా మీద చాలా రోజులు పడి ఉంది. నాకు ఉత్తరం వస్తుందని దుకాణదారు అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

నువ్వడిగినవి ఇక్కడ కావలసినన్ని. మొఖొట్లో అనే తుమ్మ కొమ్మలకి వేలాడుతుంటాయి. కానీ మాకవి గజ్జెలు కావు, పీడ. గడ్డి లేని రోజుల్లో ఆవు దాన్ని తుమ్మకాయ అనుకుని నమిలి మింగుతుంది. పట్టు అరగదు. కడుపులో చాపలా అల్లుకుపోతుంది. తర్వాత ఎదురుగా గడ్డి వేసినా ఆవు తినలేదు, నిలువునా ఎండిపోతుంది. అలా చచ్చినదాన్ని ఒకసారి కోసి చూశాను. పిడికెడు ముద్ద. రెండు చేతులా లాగినా తెగలేదు. అందుకని ఇక్కడివాళ్లం వాటిని దులిపి తగలబెడతాం.

ఈ ఏడు తగలబెట్టలేదు. ఒక సంచి నింపి టిబోనేకి ఇచ్చాను. జాగ్రత్తలు చదివాకే సంచి విప్పు. పైన కంటికి కనబడని నూగు ఉంటుంది. చర్మంలో దిగితే రెండు రోజులు గోక్కుంటావు, కంట్లో పడితే ఏడుస్తావు. వేడి ఇసుకలో వేసి కర్రతో దొర్లించు. చివర చిల్లు ఉన్నవి ఖాళీవి, పురుగు ఎగిరిపోయింది, వాటినే వాడు. బరువుగా ఉన్నవి బతికున్నవి. వాటిని పక్కన పెట్టు.

కెనోసి ఇంకా ఉన్నాడా? ఆయన వెక్కిరించాడంటే ఆశ ఉన్నట్టే. పనికిరానిదైతే చూడనట్టు వెళ్లిపోతాడు.

మీ అమ్మని గిన్నెలు తోముకోనీ. నా గురించి అడగకు.

మొత్సూమి


మొలెపొలోలే,
14 జూన్ 1989

మామయ్య గారికి,

సంచి అందింది. అందిన పూటే బడి మొత్తం గోక్కోవడం మొదలుపెట్టింది. నేను మీ ఉత్తరం చదివేలోపే పిల్లలు మూతి విప్పేశారు. మా హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా గోక్కున్నారు, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు.

బరువుగా ఉన్నవాటిని కిటికీలో పెట్టాం. నిన్న లెక్కల పాఠం మధ్యలో ఒకటి చివర తడిసి, మెత్తబడి, తెరుచుకుంది. అందులోంచి ముసలి పిల్లిలాంటి బొచ్చుతో ఒక జీవి బయటికి వచ్చింది. గోడమీద ఆఫ్రికా పటం పట్టుకుని పైకి పాకి, కాంగో దగ్గర ఆగి, రెక్కలు ఆరబెట్టుకుంది. ఇంక లెక్కలు ఎవరు చేస్తారు? అంత గట్టి గూడు, ఆవు కడుపే అరిగించుకోలేనిది, అది పళ్లూ గోళ్లూ లేకుండా ఎలా చీల్చుకుంది? దానికి తిండి ఏం పెట్టాలి? పిల్లలు జొన్న సంకటి పెట్టారు, చక్కెర నీళ్లు పెట్టారు, మాగిన పుచ్చముక్క పెట్టారు. దేని వైపూ తల తిప్పలేదు. అలిగిందేమో అంటున్నారు.

గూళ్లలో గులకరాళ్లు వేశాం. చిక్కుడు గింజలు వేశాం. జొన్నలు వేశాం. కెనోసి తాత కళ్లు మూసుకుని అన్నీ విన్నాడు. "గులకరాళ్లయితే రోడ్డు వేస్తున్నట్టుంది. జొన్నలైతే గాదెలో ఎలుక పడ్డట్టుంది. మొత్సూమి ఉంటే చెప్పేవాడు, ఎక్కడ చచ్చాడో" అన్నాడు. ఆ పేరు వినగానే నేను తలొంచుకుని గూళ్లు ఏరుకున్నాను.

మీ గురించి అడగవద్దన్నారు. ఒక్కటి అడుగుతాను, తప్పయితే తిట్టండి. అమ్మమ్మ పోయినప్పుడు ఎందుకు రాలేదు? మా వీధిలో వాళ్లు మీరు అక్కడ పెళ్లి చేసుకుని మమ్మల్ని మరిచిపోయారంటారు. ఇంకొకరు జైల్లో ఉన్నారంటారు. మరిచిపోయిన మనిషి సంచెడు పట్టుగూళ్లు ఏరి పంపుతాడా అని నా అనుమానం.

మొసీది


పశువుల మకాం,
2 జూలై 1989

మొసీదికి,

దానికి నోరు లేదు. మొదటిసారి నేనూ నమ్మలేదు. చక్కెర నీళ్లు నేనూ పెట్టాను, పాలు కూడా పెట్టాను. చేతిలోకి తీసుకుని ఎండలో చూస్తే తెలిసింది, నోరుండాల్సిన చోట నున్నగా ఉంది. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే తిండి. తర్వాత ఆ నాలుగు రోజులూ ఎగరడం, గుడ్లు పెట్టడం, అంతే. మామూలుగా వానల ముందు వస్తాయి. మీ బడి రేకుల వేడికి అది మోసపోయి ఉంటుంది. ఇక గూడు ఎలా తెరుస్తుందంటావా, లోపల్నించి ఏదో తడి వదులుతుంది, దానికి పట్టు మెత్తబడుతుంది. ఆ తడి ఏమిటో, అది నోట్లోంచి కాకపోతే ఎక్కణ్నించి వస్తుందో నాకూ తెలియదు. చాలా ఏళ్లుగా చూస్తున్నాను. నీకు తెలిస్తే రాయి.

లోపల వేయాల్సింది నిప్పుకోడి గుడ్డు పెంకు. రాళ్లూ కాదు, గింజలూ కాదు. పెంకుని గుడ్డలో మూటగట్టి కొట్టు. కుడివైపువాటికి ముతక ముక్కలు, వేలిగోరంత. ఎడమవైపువాటికి సన్నవి, ఉప్పురాయంత. రెండు వైపులూ ఒకేలా మోగకూడదు. దుమ్ము లేచాక ఆడేవాడు కనబడడు. అప్పుడు వినేవాళ్లకి ఏది పడిందో చెవికి తెలియాలి. ఈ ముతకా సన్నం సంగతి మా నాన్న దగ్గర నేర్చింది కాదు, నేనే పట్టుకున్నాను. కెనోసి అప్పట్లో ఒప్పుకోలేదు.

చెప్పి లాభం లేదని రెండు జతలు చేసి పంపుతున్నాను. మేకతోలు పట్టీలు. వాటిని చూసి మిగతావి పిల్లల చేత చేయించు.

నువ్వడిగిన రెండో ప్రశ్నకి జవాబు ఇప్పుడు రాయను. పెళ్లి లేదు, జైలూ లేదు. వీధిలో వాళ్లకి చెప్పనక్కర్లేదు.

మొత్సూమి


మొలెపొలోలే,
19 జూలై 1989

మామయ్యా,

ఇవాళ్టి నుంచి "గారు" మానేశాను. ఆ మోత విన్నాక ఎందుకో నోరు తిరగడం లేదు.

ముందు అమ్మ సంగతి. అమ్మ పెరట్లో జొన్నలు దంచుతోంది. నేను ఇంట్లో ఆ పట్టీలు తీసి ఊపి చూశాను. రోకలి ఆగిపోయింది. గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎవరు చేశారవి?"

"పిల్లల కోసం తెప్పించానమ్మా."

"ఎక్కణ్నించి అని అడగలేదు. ఎవరు చేశారని అడిగాను."

అమ్మే దగ్గరికి వచ్చి, ఒకదాని తర్వాత ఒకటి చెవి దగ్గర ఊపింది. "కుడిది ముతక, ఎడమది సన్నం. ఈ దేశంలో అలా చేసే వెర్రివాడు ఒక్కడే" అంది. బతికే ఉన్నాడా అని అడగలేదు మామయ్యా. ఎలా ఉన్నాడని కూడా అడగలేదు. "అయితే వాడికి ఉత్తరం రాయడం వచ్చన్నమాట" అంది. మళ్లీ వెళ్లి రోకలి అందుకుంది. ఆ పూట పిండి ఎప్పుడూ లేనంత మెత్తగా వచ్చింది.

కెనోసి తాతకి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత "ఇదీ" అన్నాడు. ఆ ఒక్క ముక్క.

ఇప్పుడు నా సందేహం. ఈ పట్టీలు ఎవరికి కొలిచావు? నాకు పిక్క చుట్టూ సగం కూడా రావడం లేదు. తరగతిలో అందరికన్నా చిన్నపిల్ల గోఫెజాకి కట్టినా అంచులు కలవలేదు. చివరికి ఒక పిల్ల తన ముంజేతికి కట్టుకుంది, సరిగ్గా అతికినట్టు సరిపోయింది! పిల్లలందరూ ఇప్పుడు చేతులకి కట్టుకుని తిరుగుతున్నారు. నువ్వు కొలత మరిచిపోయావా? మరిచిపోయే మనిషివి కాదని ఈ మూడు నెలల్లో నాకు తెలిసిపోయింది.

ఇంకొకటి. మధ్యలో అడుగు తిరగబడే చోటు ఉంది కదా, నువ్వు కట్టిందని అంటారు. పెద్దవాళ్లకి వస్తుంది కానీ చెప్పడం రాదు. చూసి నేర్చుకుందామంటే దుమ్ములో పాదాలు కనబడవు. వచ్చే నెల బడికి సెలవులు. టిబోనే గారి లారీ అటే వస్తోంది. నేనే వస్తాను. దగ్గరుండి నేర్పు.

మొసీది


పశువుల మకాం,
1 ఆగస్టు 1989

మొసీదికి,

రావద్దు.

ఇసుకలో లారీ కూరుకుంటే తవ్వుకోవడానికే పూట పడుతుంది. ఇక్కడి నీళ్లు ఉప్పన. మొన్న కంచె దగ్గర సింహం జాడలు చూశాం. నా గుడిసెలో ఎలుకలు. చలి ఎక్కువ. ఆవులు కొత్తవాళ్లని చూస్తే బెదురుతాయి. పట్టీలు చిన్నవైతే రెండేసి కలిపి కుట్టించు, దానికి ఇంత దూరం దేనికి?

ఆ అడుగు ఉత్తరంలో రాయబోయాను. రెండు కాగితాలు చించాను. అది రాసేది కాదు.

వచ్చేదుంటే టీ పొడి తీసుకురా. కానీ రావద్దు.

మొత్సూమి


పశువుల మకాం,
17 ఆగస్టు 1989

అమ్మా,

క్షేమంగా చేరాను. లారీ కూరుకుపోలేదు. సింహం లేదు. నీళ్లు మాత్రం నిజంగా ఉప్పన. ఈ ఉత్తరం రేపు టిబోనే గారి చేత పంపుతున్నాను, నేను వచ్చేలోపు నీకు అందాలని. నేను నోటితో చెప్పేలోపు నువ్వు ఒక్కదానివే కూర్చుని చదువుకోవాలి.

లారీ దిగేసరికి మామయ్య తుమ్మచెట్టు కింద, ఒళ్లో దుప్పటి వేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు. లేవలేదు. "వచ్చావా? టీ పొడి తెచ్చావా? పొయ్యి అక్కడుంది" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయమ్మా. ఇంత దూరం వస్తే లేచి ఎదురు కూడా రాడా, నువ్వు కోప్పడటంలో తప్పేం లేదనుకున్నాను. టీ పెట్టి తెచ్చి ఇచ్చాను. ఒక దూడ కంచె దాటి పోతుంటే ఆయన అలవాటుగా లేవబోయాడు. దుప్పటి జారింది. ఎడమ ప్యాంటు మోకాలి దగ్గర మడిచి, పిన్నుతో గుచ్చి ఉంది.

నేను "దూడని నేను తోలుకొస్తాను" అన్నాను. వెళ్లి తోలుకొచ్చాను. వచ్చేసరికి ఆయన చంకకర్ర అందుకుని నిలబడి ఉన్నాడు. పొడుగ్గా, అచ్చం నీలాగే ఒక భుజం ఎత్తుగా.

"చూశావుగా" అన్నాడు.

"చూశాను. ఎప్పుడు?"

"అమ్మ పోయిన ఏడాదే. అంతకు కొన్ని నెలల ముందు. పైకప్పు రాయి పడింది. నా పక్కనున్న ఇద్దరూ అక్కడే ఉండిపోయారు. నాకు పాదమే పోయిందనుకున్నాను, తర్వాత డాక్టర్లు ఇంకొంచెం తీశారు."

అమ్మమ్మ పోయిందన్న కబురు ఆయనకి ఆస్పత్రిలోనే అందిందట. మంచం దిగలేని స్థితి. తర్వాత దిగగలిగినా, ఊరి బస్సు దగ్గరిదాకా వచ్చి, ఎక్కకుండా ఇటు వచ్చేశాడట.

నేను ఆయన ఉత్తరాలన్నీ లారీలో మళ్లీ చదివానమ్మా. కుడివైపు అంటాడు, ఎడమవైపు అంటాడు, ఎక్కడా కాలు అన్న మాట లేదు. అంత సూటిగా కనబడేది నాకు తట్టలేదు.

"అమ్మకి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. ఆయన చెట్టు వైపు చూస్తూ చెప్పాడు.

"నేను ఆడేటప్పుడు మీ అమ్మ ముందు వరసలో చప్పట్లు కొట్టేది. నా అడుగు పడకముందే అక్కకి తెలిసేది, ఎక్కడ పడుతుందో. మిగతావాళ్లందరూ నన్ను చూసి కొట్టేవాళ్లు, నేను అక్కని విని ఆడేవాణ్ని. ఆ మనిషికి ఏమని రాయను?"

అంతే అన్నాడు. తర్వాత ఆవులకి నీళ్లు పెట్టాలని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక ఒక ఎండిన ఆవుతోలు తెచ్చి నేలమీద పరిచాడు. దాని ముందు కూర్చున్నాడు. గుడిసెలోంచి ఒక జత గజ్జెలు తెమ్మన్నాడు. తెచ్చాను. వాటిని రెండు ముంజేతులకీ కట్టుకున్నాడు! చిన్న పట్టీల సంగతి అప్పుడు తెలిసింది. ఆయన చేసే గజ్జెలన్నీ ఆ కొలతవే, తన చేతుల కొలతవి. పక్క మకాం ముసలామె గొంగ్వా కూడా వచ్చి కూర్చుంది, రోజూ వస్తుందట. ఆమె చప్పట్లు మొదలుపెట్టింది.

అమ్మా, ఆయన చేతులతో ఫాతీసి ఆడాడు. అరచేతుల మొదళ్లే మడమలు, చేతివేళ్లే కాలివేళ్లు. తోలు మీద తొక్కుతాడు, ఈడుస్తాడు, ఎగిరి పడతాడు. భుజాలు ఊగుతాయి, నడుం వంగుతుంది, చెమట కారుతుంది. దూరం నుంచి వినేవాడికి నిలబడి ఆడుతున్న మనిషే. మధ్యలో అడుగు తిరగబడే చోటు వచ్చినప్పుడు నేను "ఆగు మామయ్యా, మళ్లీ" అన్నాను. మళ్లీ చేశాడు. మళ్లీ. కుడిది పడబోయి ఆగుతుంది, ఆ జాగాలో ఎడమది రెండుసార్లు పడుతుంది. ఇంతే! ఊళ్లో ఎంతమంది పాదాలు చూసినా దొరకనిది, నా కళ్లముందు తోలు మీద పదివేళ్లలో దొరికింది. నేనూ చేతులతో వాయించాను. గొంగ్వా "ఈ పిల్ల చేతులు సంకటి కలుపుతున్నట్టున్నాయి" అంది. మామయ్య నవ్వాడు. నవ్వితే నీలాగే కింది పెదవి కొరుక్కుంటాడు.

రోజూ ఎందుకు ఆడతావు, చూసేవాళ్లు లేరుగా అని అడిగాను. "మరిచిపోతానేమోనని మొదట్లో ఆడాను. ఇప్పుడు ఎందుకో నాకే తెలియదు, ఆడకపోతే నిద్రపట్టదు" అన్నాడు.

స్వాతంత్ర్య దినానికి రమ్మన్నాను. రానన్నాడు. ఇంక నా వల్ల కాదమ్మా. నువ్వు రాస్తావో గిన్నెలే తోముతావో నీ ఇష్టం.

మొసీది


మొలెపొలోలే,
5 సెప్టెంబరు 1989

మొత్సూమీ,

నాకు రాయడం సరిగా రాదు, నీకు తెలుసు. నా కూతురు పక్కన కూర్చుని దిద్దుతానంది, వద్దని తరిమేశాను.

నీ కాలు సంగతి నాకు కొత్త కాదు. అమ్మ పోయాక వచ్చిన కోతల కాలంలోనే తెలుసు. నీతో గనిలో పనిచేసిన కన్యే ఊరి మనిషి ఒకడు దారిలో మా ఇంట్లో మంచినీళ్లు తాగి, నీ తమ్ముడెలా ఉన్నాడు, కర్రతో నడక అలవాటైందా అని అడిగాడు. నేను ఆ, అలవాటైంది అన్నాను. వాడు వెళ్లాక తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. ఎవరికీ చెప్పలేదు. మొసీదికి కూడా చెప్పలేదు. నువ్వు చెబుతావని చూశాను. ఆ ఏడు చూశాను, మరుసటి ఏడు చూశాను. తర్వాత కోపమొచ్చింది. కాలు పోయినందుకు కోపం ఎవరికి వస్తుంది? నాకు చెప్పకుండా మోసుకున్నందుకు వచ్చింది. పశువులకి చెప్పుకున్నావు, ఎవరో ముసలమ్మ చేత చప్పట్లు కొట్టించుకున్నావు, నేను చచ్చాననుకున్నావా?

అమ్మ చివరి రోజుల్లో వాడొచ్చాడా అని అడిగేది. బయల్దేరాడు, దారిలో ఉన్నాడు అని చెప్పేదాన్ని. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావని అప్పటికి నాకూ తెలియదు. ఆ అబద్ధం నీ తరఫున నేను చెప్పాను, దాని బరువు నువ్వొచ్చి దించు.

నాకు ఏమని రాయాలో తెలియలేదన్నావట. కాలు పోయింది అక్కా అని రాస్తే సరిపోయేది. రెండు ముక్కలు.

మొసీది పిల్లలు ముప్పయ్యో తారీఖున ఆడతారు. దాని మేనమామ కూర్చునే చోటు ఖోట్లాలో ఇన్నేళ్లుగా ఖాళీగా ఉంది. దానికి సంబంధాలు మాట్లాడేవాళ్లు వస్తున్నారు, మీ తమ్ముడేడీ అంటున్నారు. టిబోనే లారీ ఆ వారం ఇటే వస్తుంది, అడిగాను. ఎక్కు. ఎక్కకపోతే నేనొస్తాను. లారీ ఎక్కితే నాకు వాంతులవుతాయి, దారిపొడుగునా నిన్నే తిడతాను, ఆ డ్రైవరు ముందు నీ పరువే పోతుంది.

ఆ తోలు కూడా తెచ్చుకో. ఇక్కడున్నవి మెత్తనివి.

అక్క


పశువుల మకాం,
11 అక్టోబరు 1989

మొసీదీ,

చేరాను. ఆవులు బెదరలేదు, నన్ను పట్టించుకోనూ లేదు. గొంగ్వా మాత్రం, నేను లేని ఈ పది రోజులూ ప్రశాంతంగా ఉందంది.

నువ్వు పిల్లల వరసలు సరిచేసే హడావుడిలో ఉండి కొన్ని చూడలేదు. అవి రాస్తాను.

లారీ దిగి ఖోట్లా లోపలికి కర్రతో నడిచి వస్తుంటే అందరూ మాట ఆపేశారు. ఆ మౌనానికే ఇన్నేళ్లూ భయపడ్డాను. నేను ఊహించుకున్నంత సేపూ లేదది. కెనోసి మన వంశం పేరెత్తి గట్టిగా "ఓ మొసలి ఇంటివాడా, ఇన్నాళ్లూ ఏ మడుగులో దాక్కున్నావు? నువ్వు లేక ఈ ఊళ్లో ఫాతీసి పందుల పరుగైపోయింది" అన్నాడు. పక్కాయన "ఒక కాలు దారిలో పారేసుకొచ్చాడు, అందుకే ఆలస్యం" అన్నాడు. ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. నీ మేనమామ జాగాలో నన్ను కూర్చోమన్నారు. జాగా నిజంగానే ఖాళీగా ఉంది, కుర్చీ మీద ఎవరిదో టోపీ ఉంటే తీసేశారు.

మీ గోఫెజా ఆట మొదలవకముందే నా దగ్గరికి వచ్చి, మడిచిన ప్యాంటు పట్టుకుని చూసి, "నీ కాలు ఎక్కడుంది?" అంది. ఇన్నేళ్లలో ఎవరూ అలా అడగలేదు. భూమి లోపల ఉంది, బంగారం దగ్గర అన్నాను. "తవ్వి తెచ్చుకోవచ్చుగా?" అంది. చాలా లోతు అన్నాను. "ఎంత లోతు? మా బడి బోరంతా?" అంది. ఇంకా ఎక్కువ అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే వద్దులే" అని వెళ్లి వరసలో నిలబడింది.

పిల్లలు బాగా ఆడారు. తిరగబడే చోట ఇద్దరు తప్పారు, మూడోసారికి పట్టుకున్నారు. నేను లేచి చెప్పబోయాను, నువ్వే చెప్పావు. నేర్పేవాళ్లు మారినట్టు అప్పుడు తెలిసింది. నాకు మంచిగానే అనిపించింది.

తర్వాత తోలు పరిచి నన్ను ఆడమన్నారు. మీ అమ్మ ఆడవాళ్ల వరసలోంచి లేచి ముందుకి వచ్చి కూర్చుంది. మొదట తప్పింది. నా అడుగు పడ్డాక కొట్టింది, చేతుల ఆట ఎప్పుడూ చూడలేదుగా. నేను నిదానించాను. ఆమె చిరాగ్గా "నిదానించకు" అంది. ఇంక నిదానించలేదు. కొంచెంసేపటికి అక్క చప్పట్లు నా కంటే ముందు పడటం మొదలైంది. ఆ తర్వాత జనం ఏమన్నారో, ఎవరు ఈలలు వేశారో నేను వినలేదు. నువ్వు విని ఉంటే రాయి.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అక్క నా పక్కన కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేసి, "నొప్పి పెడుతుందా?" అని అడిగింది. నువ్వు గిన్నెలు తీస్తున్నావు. నేను టీ చల్లారిపోతోందన్నాను. ఆమె చెయ్యి తీసేసింది.

నీకు సంబంధం మాట్లాడటానికి వచ్చేవాళ్లతో వచ్చే నెల కూర్చోవాలట. వస్తాను. అబ్బాయి గురించి నువ్వేమీ రాయలేదే? ఫాతీసి వచ్చా? రాకపోయినా చప్పట్లు సరిగ్గా కొడతాడా, చూసి చెప్పు.

నీ మామయ్య


పశువుల మకాం,
11 అక్టోబరు 1989

అక్కా,

కాలు పోయింది.

ఆ రోజు నువ్వడిగితే టీ అన్నాను. నొప్పి పెడుతుంది. చలికాలంలో ఎక్కువ, వాన పట్టేముందు కూడా. విచిత్రమేమిటంటే మోకాలి దగ్గర కాదు, లేని పాదంలో. బొటనవేలి పక్క వేలు మెలిపెట్టినట్టు ఉంటుంది. చెయ్యి చాచి రుద్దుకుందామంటే అక్కడ ఇసుక తప్ప ఏమీ ఉండదు. లేనిది ఎలా నొప్పి పెడుతుందో నాకు అర్థం కాదు. మొదటి ఏడాది పిచ్చెక్కిందేమో అనుకున్నాను. అందుకే ఎవరికీ చెప్పలేదు, ఆస్పత్రిలో కూడా. చేతులతో ఆడినప్పుడు మాత్రం తగ్గుతుంది, అదెందుకో కూడా తెలియదు.

అమ్మ అడిగినప్పుడు నేను దారిలో ఉన్నానని చెప్పావు. మంచి పని చేశావు. ఆమె ఇంకా ఏమేం అడిగింది? నవ్విందా ఎప్పుడైనా? ఎటువైపు తలపెట్టి పడుకోబెట్టారు? ఇవన్నీ నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. వచ్చే నెల వచ్చినప్పుడు చెప్పు, ఆ చోటికి తీసుకెళ్లు.

నువ్వు కూడా ఇంకా అడగాల్సినవి ఉంటే అడుగు. అన్నిటికీ రాస్తాను.

నీ తమ్ముడు
మొత్సూమి